తుడిచిన అద్దం కింద ఫెర్న్

నేను చాలా ఊళ్ళు తిరిగాను, చాలా అద్దె గదుల్లో ఉన్నాను. అంత శుభ్రమైన కిటికీలు మాత్రం ఒక ఊళ్ళో మా కింది వాటాలోనే చూశాను. ఆ ఇంటావిడ కళ్ళద్దాల షాపులో పనిచేసేది. పై వాటాలో ఉండే మేం ఆవిడని అద్దాలమ్మ అనేవాళ్ళం. గాజు మీద మసక కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. జేబులోంచి మెత్తటి గుడ్డ బయటికొస్తుంది.

వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్తూ వాళ్ళక్క తన ఫెర్న్ మొక్కని ఈవిడకి అప్పగించింది. "బిడ్డలా చూసుకోవే!" ప్రేమ ఎక్కువై ఈవిడ దాన్ని ఎండ పడే కిటికీలో పెట్టింది. నీడలో బతికే జీవి, మాడిపోయింది.

ఎండిన ఆకుల అడుగున గోధుమరంగు చుక్కలున్నాయి. దులిపితే ముక్కుపొడిలా రాలింది. పువ్వు లేదు, కాయ లేదు, దాని వంశమంతా ఆ పొడిలోనే. ఆవిడ దాన్ని పళ్ళెంలో తడిమట్టి మీద చల్లి, పైన గాజుపలక మూసింది.

అక్క తరచూ ఫోన్ చేసేది.

"నా మొక్క ఎలా ఉందే?"

"బాగుందక్కా."

కొన్నాళ్ళకి మట్టి మీద గోరంత పచ్చటి పొలుసులు వచ్చాయి, ఒక్కొక్కటీ గుండె ఆకారంలో. అక్కడే ఆగిపోయాయి. ఆకు ఊసే లేదు.

"పాచి పట్టింది, పారెయ్," అన్నాడు వాళ్ళాయన.

"మీ నోట ఒక్క మంచిమాట రాదు కదా!"

అక్క చెప్పాపెట్టకుండా ఓ పొద్దున దిగింది. కిటికీ వైపు చూసింది, చెల్లెలి మొహం చూసింది. అద్దాలమ్మ మట్టిపళ్ళెం తెచ్చి ముందు పెట్టింది.

అక్క గాజుపలక ఎత్తింది. "ఇదేంటి, ఇంత పొడిగా ఉంది? చెమ్మ పట్టదా?"

"పడుతుందక్కా. కుళ్ళిపోతాయేమోనని రోజూ తుడిచేస్తున్నా."

"నీ శుభ్రం తగలెయ్య! ఆ పొలుసుల్లో ఆడా మగా రెండూ ఉంటాయే. మగకణం నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళి ఆడకణాన్ని కలవాలి. అప్పుడే మొక్క పుట్టేది. నువ్వేమో రోజూ ఏరు ఎండగట్టేస్తున్నావు!"

"పెళ్ళికొడుకు ఇంకా ఒడ్డునే ఉన్నాడన్నమాట," అన్నాడు వాళ్ళాయన. ఎవరూ నవ్వలేదు.

అక్క నీళ్ళు చిలకరించి మూత పెట్టింది. "మొక్క పోయిందని ఎందుకు చెప్పలేదు?"

"మళ్ళీ ఏదీ నా చేతికివ్వవని..."

అక్క పళ్ళెం చేతిలోకి తీసుకుంది. పళ్ళెం తీసుకెళ్తుందేమోనని అద్దాలమ్మ బిక్కుబిక్కుమంటూ చూసింది.

"నీ దగ్గరే ఉండనీ," అంది చివరికి. "ఆ గుడ్డ మాత్రం ఇటియ్యి."

ఆ తర్వాత ఆవిడ అవస్థ చూడాలి! పలక అడుగున నీటిచుక్కలు వేలాడుతుంటే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. ఒకరోజు ఓ పొలుసు అడుగునుంచి ఆకొకటి తలెత్తింది, పసిపిల్ల ముడిచిన పిడికిలిలా.

ఫోన్ చేసింది. "అక్కా..."

"తుడిచావా ఏంటే?"

"లేదక్కా. వచ్చింది."