మూడు షెడ్లలో ఒకే పేరు

నాలుగేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నన్నెరగరు కాబట్టి.

సత్తెనపల్లి దగ్గర ప్రభుత్వ డబ్బుతో మిర్చి ప్రాసెసింగ్ కేంద్రం కట్టాలనుకున్నారు. దానివల్ల ఎంతమందికి పని వస్తుందో, ఎంతమందికి పోతుందో అంచనా వేసే సర్వేలో చేరాను. అప్పుడు నాకు ఐదో నెల.

అక్కడి ఆడవాళ్లు షెడ్లలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తారు. సరుకు ఎక్కడ దిగితే ఈ కూలీల ముఠా అక్కడికి పోతుంది. అందుకే ఒకే మనిషి పేరు మూడు షెడ్ల జాబితాల్లో ఉంటుంది. మొదటిరోజే నాకది తెలిసింది. అయినా మూడు జాబితాల పేర్లూ వేర్వేరు మనుషులన్నట్టు కూడేసి, కేంద్రం వస్తే వీళ్లందరికీ పని అని రాశాను. తొడిమలు తీసే మిషన్ వస్తుందని తెలిసీ, ఫారంలో ‘పోయే పనులు’ అన్న గడి ఖాళీగా వదిలాను. అలా చేయమని ఎవరైనా చెప్పారా? లేదు. అంకె పెద్దదైతే పైవాళ్లకు నచ్చుతుందని, నచ్చితే కాన్పయ్యాక కూడా నన్ను ఉంచుకుంటారని, నాకు నేనే అనుకున్నాను.

సరిచూడటానికి షెడ్లో పేర్లు పైకి చదువుతుంటే, తొడిమలు తీస్తున్న మస్తాన్‌బీ పేరు మూడుసార్లు వచ్చింది.

“ఏమ్మాయ్, మూడు కూలీలిస్తారా ఏంది నాకు?” అందామె.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

“సరేగానీ, మిషనొస్తే మా పనుంటదా? దూది మిల్లులో పనికి రమ్మంటున్నారు. ఉంటదంటే ఇక్కడే ఉంటా.”

“ఉంటుందమ్మా.”

“చదువుకున్నదానివి, నీకు తెలుస్తదిలే. ఆ కాయలు ముట్టుకోకు. చేతులు మండితే బిడ్డనెత్తుకోలేవు.”

కేంద్రం వచ్చింది. మిషన్ వచ్చింది. షెడ్లు మూతపడ్డాయి. నన్ను ఉంచుకున్నారు.

పోయినేడాది నల్లపాడు రైల్వే స్టేషన్లో మస్తాన్‌బీ కనిపించింది, బట్టల మూటతో. ఎక్కడో ఇళ్లు కడుతుంటే ఇటుకలు మోయడానికి పోతోందట. షెడ్లు మూతపడ్డాక ఆ దూది మిల్లుకు వెళితే వయసు మీరిందన్నారట. నన్ను గుర్తుపట్టింది. మా పాపకు చేతులు చాచి, “ఇయ్యి, ఇప్పుడు నా చేతులు మండవులే” అంది.

ఇచ్చాను. నేను రాసిందేమిటో చెప్పలేకపోయాను. నేను నిజం రాసినా మిషన్ వచ్చేదేమో, కాగితం సంగతి నా ఒక్కదాని చేతిలో లేదని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను గానీ, ఆమె అడిగింది కాగితాన్ని కాదు కదా? నన్ను.

పాప నిద్రపోతోంది. ఆ ఖాళీ గడి ఇప్పుడు నింపుతున్నాను. మస్తాన్‌బీ ఒక్క మనిషి. ఆమెకున్నది ఒక్క పని. అది పోయింది.