అంచులు చూసి కొన్న సినిమా మిషను

అరవైల మొదట్లో ఒక సినిమా మిషను కొనడానికి నేనూ మా ఆయనా సికింద్రాబాదు వెళ్లాం. అంతకుముందు నేను చూసిన సినిమాలు మొత్తం రెండు. వాటిలో ఒకదానికి పిల్లవాడు ఏడుస్తుంటే సగంలోనే లేచి వచ్చాను. అలాంటిదాన్ని మిషను ఎంచడానికి బయలుదేరానని మా వాడలో నవ్విన వాళ్లున్నారు. నవ్వనీ అనుకున్నాను. రేపు పొయ్యి మీద ఎసరు పెట్టాల్సింది నేను, వాళ్లు కాదు.

మాది ఆలేరు దగ్గర ఊరు, మగ్గం నేసే ఇల్లు. మా ఆయన బండి మీంచి పడి కుడి మోకాలు పాడుచేసుకున్నారు. గుంత మగ్గం అంటే పొద్దంతా గుంతలో కాళ్లు పెట్టి తొక్కుతూనే ఉండాలి. దవాఖానలో కట్టు విప్పిన డాక్టరు, ఆ కాలు ఇక మడవదని, తొక్కుడు పని మానుకోమని చెప్పాడు. ఆ తర్వాత ఏడాది పాటు ఆయన అరుగు మీద రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టారు. మా ఇళ్లలో అది ఆడవాళ్లూ ముసలివాళ్లూ చేసే పని. వాడలోకి ఎవరైనా వస్తున్నారంటే రాట్నాన్ని మెల్లగా పక్కకు జరిపేవారు.

ఒక జాతరలో ఎవరో చిన్న మిషనుతో బొమ్మ ఆడించడం చూసి వచ్చాక ఆయన మనసు దాని మీద పడింది. నిలబడి చేసే పని, కాలుతో తొక్కేది లేదు. నేను సరేనన్నాను. ఆయన మగ్గాన్ని అమ్మకానికి పెట్టాం. మామ, అంటే ఆయన తండ్రి, రెండు రోజులు మాతో మాట్లాడలేదు. కొన్నవాడు వచ్చి విప్పుకుపోయేలోపు మాత్రం దాని మీద మిగిలిన పడుగును తానే కూర్చుని నేసేశారు. సన్నని తెల్ల బట్ట. "మీ తెరకు పనికొస్తదేమో సూడుండ్రి" అని నా చేతిలో పెట్టారు. ముక్కలు కలిపి కుట్టు కనబడకుండా నేనే కుట్టాను.

ఆ బట్టను మడిచి వెంట తీసుకునే రైలెక్కాం. స్టేషను దగ్గర సందులో పాత మిషన్లు అమ్మే సేటు ఒకాయన, వెనక గదిలో తలుపులు మూసి మా బట్టనే గోడకు కట్టి రెండు మిషన్లు ఆడించి చూపించాడు. మొదటిది నిగనిగలాడుతూ కొత్తదానిలా ఉంది. మీట నొక్కగానే తెర వెలిగిపోయింది, మా ఆయన ముఖం కూడా. తెర మీద ఒక గుర్రబ్బండి చెట్ల మధ్య పోతోంది. రెండోదానికి రంగు ఊడిపోయింది, ఒక పక్క సొట్ట. వెలుగు కూడా కాస్త తక్కువే.

"మొదటిదే తీసుకుందాం. ఎంత ఎలుగున్నదో సూసినవా?" అన్నారు ఆయన నా చెవిలో.

"సూసిన. జర ఆగుండ్రి" అన్నాను.

మా ఇళ్లలో చీరను చేతికిస్తే ఎవరమూ ముందు నడుమ చూడం. నడుమ ఎవరు నేసినా బాగానే ఉంటుంది. పోగు లాగేసినా, వదులైనా, నేసేవాడి చేయి వణికినా తెలిసేది అంచు దగ్గర. ఆ అలవాటుకొద్దీ నా కళ్లు బొమ్మ అంచులకే పోయాయి. మొదటి మిషనులో గుర్రం తల బాగుంది కానీ, పక్కనున్న చెట్లు తడిచేత్తో తుడిచిన ముగ్గులా ఉన్నాయి. రెండోదానిలో మూల దాకా ఆకు ఆకూ కనబడింది. రెండూ మళ్లీ ఆడించమన్నాను. సేటుకు విసుగొచ్చింది.

"అందరు బొమ్మ చూస్తరమ్మా, నువ్వు మూలలు చూస్తున్నవేంది?"

"నడుమ ఎవలైనా నేస్తరు సేటూ. అంచు సూస్తెనే పనితనం తెలుస్తది."

సేటు నవ్వాడు. ఆ తర్వాత దాపరికం లేకుండా మాట్లాడాడు. మొదటిదాని బల్బు పోతే బొంబాయి నుంచి తెప్పించాలట. రెండోదాని బల్బు ఈ సందులోనే దొరుకుతుంది. ధర కూడా తక్కువ కాబట్టి, మిగిలినదాంతో రెండు బల్బులు, ఒక బెల్టు అదనంగా వచ్చాయి. మా ఆయన ఒప్పుకున్నారు కానీ దారంతా ఆ సొట్టను తడుముతూనే ఉన్నారు.

వచ్చేటప్పుడు సేటు ఒక మాట చెప్పాడు. బట్ట సన్నంగా ఉంది, వెలుగు అవతలికి పోతుంది, సున్నం పూయండని. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మామ మండిపడ్డారు. "నేసిన బట్టకు సున్నమా? గోడ అనుకున్నవా?" తెరకు సున్నం పూయని తప్పంతా మామదేనని ఇప్పటికీ చెప్పుకుంటాం. నిజానికి ఆ రోజు నేనూ కుంచె పట్టుకుని వెళ్లి, పూయడానికి చేతులు రాక, సున్నం అలాగే వదిలేసి వచ్చాను.

మొదటి ఆట మా వాడలోనే పెట్టాం. పడుగు చాపడానికి పాతిన గుంజలకే తెర కట్టాం. బొమ్మ రీళ్లూ జనరేటరూ కిరాయికి తెచ్చాం. జనరేటరు గుడగుడలాడుతోంది. చీకటి పడగానే మిషను మొదలైంది. మగవాళ్లంతా ముందు కూర్చున్నారు. బొమ్మ మసకగా పడింది.

"ఏందిది, మబ్బు పట్టినట్టున్నది" అన్నాడొకాయన. ఇద్దరు లేచి కండువాలు దులుపుకున్నారు.

వెలుగు ఎక్కువున్నదాన్ని వద్దన్నది నేనే. ఈ మనిషిని మళ్లీ అరుగు మీద కూర్చోబెట్టేది కూడా నేనే కాబోలు అనుకున్నాను.

అంతలో తెర అవతల నుంచి పకపకా నవ్వులు. మగవాళ్ల ముందు కూర్చోవడం ఇష్టం లేక వెనక నిలబడ్డ ఆడవాళ్లకు, సున్నం లేని బట్ట గుండా బొమ్మ చక్కగా కనబడుతోంది. కుడి ఎడమ తారుమారైనా వాళ్లకేమీ పట్టలేదు. ఒక అవ్వ కాళ్లు చాపుకుని కూర్చుంది. లేచిన ఇద్దరు మగవాళ్లూ అటు వెళ్లబోతే ఆవిడే అడ్డుపడింది. "గీడ మా జాగ. మీ జాగకు మీరు పోండ్రి."

ఈ గోలలో మా ఆయన ఒక పని చేశారు. ఆట ఆపి, కాలు ఈడ్చుకుంటూ, మిషనును బల్లతో సహా నాలుగడుగులు తెర దగ్గరికి జరిపించారు. బొమ్మ చిన్నదైంది, వెలుగు చిక్కబడింది. మూలమూలకూ స్పష్టంగా నిలిచింది. వెళ్లబోయిన ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. ఆట అయ్యేదాకా ఎవరూ కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే, భుజాన గొంగడి వేసుకున్న గొర్రెల కాపరి ఒకతను మా గడప దగ్గర నిలబడ్డాడు. పక్క ఊరివాడు.

"సినిమాయన ఉన్నడా? మా ఇంటి ఆడోళ్లు రాత్రి మీ తాన సూసిండ్రట. మా ఊర్ల గూడ గట్లనే, తెర ఎనక జాగ ఇడిసి ఆడియ్యాలె అంటుండ్రు."

ఏడాదిగా మా ఆయన్ని అడుగుతూ ఎవరూ రాలేదు. ఉన్నారని చెప్పాను. లోపలున్న ఆయనకూ వినబడాలనిపించింది. అందుకని ఇంకోసారి గట్టిగా చెప్పాను.