చిన్న అంకె మీద బొటనవేలు

ఇంటర్ల కెమిస్ట్రీ ఫెయిలైన. మళ్ల తప్పితే చదువు మాన్పిస్తనన్నడు బాపు. సుబేదారిల మా పక్కింటి కెమిస్ట్రీ సారు నన్ను రోజూ తన వరండాల కూర్చోబెట్టి చదివించిన్రు.

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీళ్లయ్యే సమీకరణం ఇచ్చిన్రు. కుడిదిక్కు ఆక్సిజన్ ఒకటి తక్కువైంది. నీళ్ల ఫార్ములాలనే ఆక్సిజన్ కింద చిన్న రెండు వేసి సరిజేసిన.

సారు లోపలికి పోయి, పుండ్లు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా తెచ్చి ముందర పెట్టిన్రు.

"నువ్వు రాసిన నీళ్లు ఇవే బిడ్డా. జర తాగుతవా?"

నేను ఆ చిన్న రెండును చెరిపేసిన.

"నీళ్లను మార్చకు. ముందర రెండు పెట్టి, ఇంకో గిలాస పెంచు" అన్నరు.

అప్పటి నుంచి నేను లెక్క చేస్తుంటే, పెన్సిల్ అటు పోకుండ సారు చిన్న అంకెల మీద తన బొటనవేలు పెట్టేటోళ్లు.

పాసైన. దవాఖానల మందులిచ్చే కొలువు దొరికింది. రిటైరయ్యేదాక, సీసా చేతికిచ్చే ముందు నా బొటనవేలు లేబుల్ మీది అంకె దగ్గర ఆగేది. అది సారు వేలే అనుకునేదాన్ని.