జేబులోని నొప్పి మాత్ర

దెయ్యాలున్నాయంటే నేను నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నవ్వుతాను. బిలాస్‌పూర్ రైల్వే షెడ్డులో ఇరవై ఆరేళ్లుగా ఇంజిన్లు విప్పి బిగిస్తున్నాను. చెడిపోయిన ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందన్నదే నా నమ్మకం.

పోయినేడాది నాకు కొలెస్ట్రాల్ ఎక్కువుందని డాక్టరు రోజూ వేసుకునే మాత్ర రాశారు. కొన్నాళ్లకు మోతాదు పెంచారు. ఆ తర్వాత తొడలు, పిక్కలు పట్టేయడం మొదలైంది. మెట్లెక్కాలంటే చేత్తో కాలు ఎత్తి పెట్టుకోవాల్సి వచ్చేది. డ్యూటీ వల్లేననుకుని, గోల్ బజార్‌లో నొప్పి మాత్రలు కొని రోజుకు మూడు మింగాను. డాక్టరుకు చెప్పలేదు. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే మా ఆవిడకు కూడా చెప్పలేదు.

అలా రంగు మారిన మూడో రోజు మధ్యాహ్నం, షెడ్డులో నాతో పనిచేసే అప్పన్నతో ప్లాట్‌ఫారం బెంచీ మీద టీ తాగుతున్నాను. నా రెండో పక్కన ఆకుపచ్చ చీర కట్టిన ముసలామె వచ్చి కూర్చుంది. మా శ్రీకాకుళం యాసే. నా వైపు చూడకుండానే అంది:

"ఏటి నాయినా, ఒంటేలు నల్లగా అవతంది కదా. ఆ జేబులో నొప్పి మాత్ర ఇంకేసుకోకు. కొవ్వు మాత్రే నీ కండల్ని తినేస్తంది."

ఒళ్లు మండింది. నీకెవరు చెప్పారని కసిరి, అప్పన్న వైపు తిరిగాను. మళ్లీ చూస్తే ఆమె లేదు.

"ఎవుల్తో మాట్లాడతన్నావు బావా? ఆ పక్కన ఎవులూ లేరు" అన్నాడు అప్పన్న.

ఆమె మాట అబద్ధమని తేల్చడానికే, కేవలం అందుకే, అక్కణ్ణించి ఆసుపత్రికి వెళ్లాను. రక్తపరీక్ష రిపోర్టు చూసి డాక్టరు నన్ను ఇంటికి పంపలేదు. కొలెస్ట్రాల్ మాత్ర పడక కండరాలు కరుగుతున్నాయట, ఆ చెత్త కిడ్నీలకు అడ్డం పడుతోందట. నొప్పి మాత్ర ఆ నొప్పిని కప్పిపెట్టి, కిడ్నీలను ఇంకా దెబ్బతీసిందట. రెండూ ఆపి ఐదు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమైతే డయాలిసిస్ దాకా పోయేదన్నారు.

ముసలామె సంగతి చెబితే, ఒంట్లో విషం పేరుకున్నప్పుడు మెదడు అలా భ్రమపడొచ్చన్నారు డాక్టరు. కావచ్చు. మూత్రం రంగు నాకు తెలుసు. జేబులో మాత్ర ఉందనీ తెలుసు. కానీ కొలెస్ట్రాల్ మాత్ర కండల్ని తింటుందని ఆ రోజుకి నాకు తెలియదే! తెలియనిదాన్ని నా మెదడు ఎక్కణ్ణించి తెచ్చింది?

ఆమె, నేను పుట్టకముందే చనిపోయిన మా అమ్మమ్మేనంటాడు అప్పన్న. ఆమె పేరు మీద కోడిని కోయమంటాడు. కోయలేదు. కోయను.

దెయ్యమంటే ఒప్పుకోను. భ్రమంటే ఒప్పుకోలేను. మరేమిటని అడిగితే, నాకు తెలియదు.