ఖాళీగా తిరిగి రాని పుస్తకాలు

జూలై పదకొండు, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ఆ రోజుల్లో నాకు ప్రతిదానికీ ముహూర్తం రాసిపెట్టుకొనే అలవాటుండేది. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని కదా, నేను తుమ్మినా అది చరిత్ర అవుతుందనే నమ్మకం! తనకల్లు దగ్గర ఒక చిన్న పల్లె ప్రాథమిక పాఠశాలలో నాకు ఉద్యోగం వచ్చి అప్పటికి నెలైనా నిండలేదు. ఆ ముహూర్తానికి, ఏళ్ళ తరబడి ఇనుప పెట్టెలో నిద్రపోతున్న బొమ్మల కథల పుస్తకాలను బయటికి తీసి, పిల్లల చేతుల్లో పెట్టి, ఇళ్ళకు పంపించాలన్నది నా సంకల్పం. పఠనాభిరుచి ఆవశ్యకతపై ఒక ఉపన్యాసం కూడా సిద్ధం చేసుకున్నాను. (ఒకటో తరగతి పిల్లవాడు మధ్యలో లేచి, "మేడం, ఒంటికి పోయొస్తా" అనడంతో అది అక్కడికే ముగిసింది.)

పెట్టె తాళంచెవి మా పెద్దసారు మొలతాడుకు ఉండేది. ఆయన మంచివాడే కానీ, పుస్తకం పోతే పైవాళ్ళకు తానే సంజాయిషీ చెప్పుకోవాలన్న భయం ఆయనను వదిలేది కాదు. "ఇదో చూడుమ్మా, నీ ఉత్సాహం నాకు అర్థమైతాంది. వచ్చే సోమవారం పొద్దున ప్రార్థన టయానికి అన్ని పుస్తకాలూ నా కండ్ల ముందర ఉండల్ల. ఒక్కటి తగ్గినా పెట్టెకు తాళం ఏస్తా. మళ్ళ నువ్వు ఏడ్చినా తియ్యను" అన్నారు. నేను సగర్వంగా ఒప్పుకున్నాను. పిల్లలు పుస్తకాల కోసం ఎగబడ్డారు. రంగుల బొమ్మలు చూసి కేకలు, "నాకు పులిది!", "నాకు రైలుది!", "నీది సదివినాక నాకియ్యల్ల, మాటంటే మాట!" అంటూ ఒప్పందాలు. ఆ రాత్రి ఆనందంతో నాకు అన్నం సయించలేదు.

మరునాడే మూడో తరగతి పాప ఒకతె (నోరు మూతపడదు కనుక ఆమెను అందరూ చిటపట అనేవారు) తన పుస్తకం తిరిగి తెచ్చింది. పుస్తకంతో పాటు ఒక పొట్లంలో వేయించిన శెనక్కాయలు కూడా తెచ్చి, "మా అవ్వ ఇయ్యమనె మేడం" అంది. నేను తరగతి అందరి ఎదుట ఒలుచుకొని తిని, "అత్యంత రుచికరంగా ఉన్నాయి, మీ అవ్వగారికి నా ధన్యవాదాలు తెలియజేయుము" అని ప్రకటించి, ఆమెకు ఇంకో పుస్తకం ఇచ్చాను. అంతే. ఆ రోజు నుంచి ఒక్క పుస్తకమూ తిరిగి రాలేదు. అడిగితే పిల్లలు నేల చూపులు చూసేవారు. "తెస్తాం మేడం." "మా యమ్మ సంతకు పోయినాక తెస్తాం మేడం." సంతకూ పుస్తకానికీ సంబంధమేమిటో నాకు బోధపడలేదు. శనివారం రానే వచ్చింది; గడువుకు మిగిలింది ఒక్క ఆదివారమే. చివరకు చిటపట కూడా రెండో పుస్తకం తేకపోయేసరికి, సాయంత్రం నేరుగా వాళ్ళింటికి నడిచాను.

ఆ ఇంటి అవ్వ మేకలను దొడ్లోకి తోలుతోంది. "అవ్వా, పుస్తకం ఎక్కడైనా పోయిందా?" అన్నాను, వీలైనంత మర్యాదగా.

"యాడికి పోతాది? దేవుని గూట్లో ఉండాది. పసుపు కుంకమ గూడా పెట్టినా."

"మరి పంపించలేదేమవ్వా?"

"ఊరికే ఎట్ల పంపించేది? ఒగరింటి వస్తువు ఖాళీగా పంపించేకి మేమేం మానం లేనోళ్ళమా? ఈ తూరి వాన రాల్యా. విత్తనానికి దాచిన కాయలు తప్ప ఇంట్లో ఏం లేవు. నువ్వేమో ఇష్టంగా తింటివంట. ఊరంతా అదే మాట. ఏం పెట్టి పంపల్లని అందరూ తన్నుకులాడతాండారు."

నేను నిలువునా నీరైపోయాను. అరువు తెచ్చిన గిన్నెను మా అమ్మ ఏనాడూ ఖాళీగా తిరిగి ఇవ్వలేదు. పిడికెడు బొరుగులైనా వేసి పంపేది. విడపనకల్లు పక్క పల్లెలో పుట్టి పెరిగి, పట్టా చేతికి రాగానే అది ఎట్లా మరిచిపోయానో! "పుస్తకం చదివారా అవ్వా?" అన్నాను.

అవ్వ చేతికర్ర నేలకు కొట్టింది. "పాప సదివిందిలే. మబ్బును ఎతుక్కుంటా పోయిన మేకపిల్ల కత. రాసినోడు జన్మలో మేకల్ని మేపినోడు కాదు! మేకపిల్ల అట్ల పోతే తల్లి ఊరుకుంటాదా? అరిసి అరిసి కొండ ఎగరగొట్టదూ?"

నాకు ఒళ్ళు ఝల్లుమంది. "అవ్వా! ఈ మాటే పెట్టి పంపండి. చదివి ఏమనుకున్నారో ఆ మాట చెబితే పుస్తకం ఖాళీగా వచ్చినట్టు కాదు."

"మాటను ఏం తింటావమ్మా నువ్వు?" అంది అవ్వ, నన్ను కింది నుంచి పైదాకా చూస్తూ.

ఆదివారమంతా ఇల్లిల్లూ తిరిగి అదే చెప్పాను. సోమవారం ప్రార్థన అయ్యేసరికి పుస్తకాలన్నీ వచ్చేశాయి, ఒకటి తప్ప. పెద్దసారు చెయ్యి మొలతాడు మీదికి పోయింది. పిల్లలు ఒకరొకరే లేచి తమ మాట చెబుతున్నారు. "పులి పాపం మేడం, దానికి సావాసగాండ్లే లేరు." "రైలు గుంతకల్లులో ఎందుకు నిలపలేదు మేడం?" నా చెవులు మాత్రం గేటు వైపే ఉన్నాయి. అప్పుడు వచ్చింది అవ్వ, పుస్తకం నెత్తిన పెట్టుకొని, మనవరాలి చెయ్యి పట్టుకొని. "ఈ పిల్లకు గట్టిగా చెప్పేకి రాదని నేనే వస్తి" అని, పిల్లలందరి ముందూ నిలబడి, ఆ మేకపిల్ల కథను అరుపులతో, అదిలింపులతో, తిట్లతో సహా చెప్పసాగింది. ఒకటో తరగతి పిల్లలు నోళ్ళు తెరిచారు. పెద్దసారు చెయ్యి ఎప్పుడు జారిందో ఆయనకే తెలియదు. అవ్వ సగంలో ఆపేసి కూర్చుంది.

"మరి మేకపిల్ల దొరికిందా అవ్వా?" అన్నారు పెద్దసారు, ఉండబట్టలేక.

"నేనేల చెప్తా?" అంటూ అవ్వ పుస్తకాన్ని ఆయన చేతిలో పెట్టింది. "ఇంటికి తీస్కపోయి సదువుకో సారూ. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఊరికే రావద్దు."

ముహూర్తాలు రాసుకొంటూ, పల్లెకు పుస్తకం విలువ తానే నేర్పుతున్నానని పొంగిపోయిన ఆ చిన్న టీచరమ్మను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కొంచెం ముద్దు కూడా వస్తుంది. ఆ తర్వాత ఆ బడిలో ప్రతి సోమవారం ప్రార్థన కాగానే చదివినవాళ్ళు తమ మాట చెప్పడం మొదలైంది; వినడానికి ఇళ్ళ నుంచి పెద్దవాళ్ళు కూడా వచ్చేవారు.