ఎర్ర రవ్వ... అమ్మ బీడీ కత్తెర

మా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే బాపు సైకిల్ నిండా తౌడు వాసన... హ్యాండిల్‌కు వేలాడే సంచిలో తౌడు, పల్లి చెక్క, బెల్లం కలిపి పిసికిన ఎర ముద్ద ఉండేది. వెనక క్యారియర్ మీద నేను. ముప్కాల్ దాటి ప్రాజెక్టు కట్ట దగ్గరికి చేరేసరికి నా గౌనుకూ అదే వాసన పట్టేది.

కట్టకు ఒకచోట రాళ్ల వరుస నీళ్లలోకి పొడుచుకుని పోయి ఉండేది. దాని కొసన కూర్చుంటే మూడు దిక్కులా నీళ్లే. బాపు దగ్గర కర్ర కూడా ఉండేది కాదు... నైలాన్ తాడు, దాని కొసకు గాలం, బరువుకు ఒక ఇనుప నట్టు. గిరగిరా తిప్పి విసిరి, తాడును చూపుడు వేలి మీద ఆనించి కూర్చునేవాడు. చేప ముట్టిందో లేదో ఆ వేలికే తెలిసేది.

నాకు నేర్పిన మొదటి పాఠం ఒక్కటే. "తాడు శేతికి సుట్టుకోవద్దు బిడ్డా. శాప గుంజితే ఇడిసిపెట్టాలె. పోతే శాప పోతది."

చెప్పినాయనే ఒక ఆదివారం ఆ మాట మరిచిపోతాడని నేను అనుకోలేదు.

దానికి కారణం అంతకు ముందు ఆదివారం. పెద్ద రవ్వ చేప ఒకటి పడింది. బాగా ఎదిగిన రవ్వకు రెక్కల మీద ఎరుపు తేలి ఉంటుంది, మేం దాన్ని 'ఎర్రది' అనేవాళ్లం. తీరా రాళ్ల దాకా వచ్చాక, బాపు చేతికి అంటిన ఎర జిడ్డుకు తాడు జారిపోయింది. మా మేనమామకు వారమంతా అదే పని. అన్నానికి కూర్చున్నప్పుడల్లా, "ఎర్రది ఎప్పుడస్తది బావా? ఉల్లిగడ్డలు కోసి పెట్టుమంటవా?" అని అడిగేవాడు. బాపు నవ్వేవాడు గానీ చెవులు ఎర్రబడేవి.

ఇక కత్తెర సంగతి... అమ్మ బీడీలు చుట్టేది. తునికాకు కోసే కత్తెరంటే ఆమెకు ప్రాణం. పదును పోతే ఆకు చింపిరిగా తెగుతుంది, కార్ఖానాలో బీడీ కట్టలు పక్కన పడేస్తారు. "ఆకు మీద తప్ప ఇంక దేని మీదన్న పెట్టినవో, శేతులు ఇరగ్గొడ్త" అని నాకు ముందే చెప్పి ఉంచింది. కానీ ఆ ఆదివారం నాకూ ఒక చిన్న గాలం కట్టుకోవాలని బుద్ధి పుట్టింది. తాడు ముక్క కోసుకోవడానికి, అమ్మ చూడకుండా కత్తెర గౌను జేబులో వేసుకొచ్చాను.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఏమీ పడలేదు. తర్వాత తాడు కొంచెం కదిలింది... ఆగింది... ఒక్కసారిగా బిగుసుకుంది. నీళ్ల మీద క్షణం సేపు ఎర్రటి రెక్క కనబడింది.

"గదేనే బిడ్డా... గదే" అంటూ బాపు లేచి నిలబడ్డాడు. అనడమే ఆలస్యం, తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టేశాడు.

నేను చూశాను. వద్దని చెప్పబోయాను, అప్పటికే ఆలస్యమైంది.

చేప లోపలికి దూసుకుపోయింది. బాపు కాలు పాచి పట్టిన రాయి మీద పడింది. నిలబడ్డవాడు నిలబడ్డట్టే జారి, నడుం దాకా నీళ్లలోకి పోయాడు. ఎడమ చేత్తో రాయిని పట్టుకున్నాడు. కుడి చెయ్యి తాడుతో పాటు నీళ్లవైపు సాగిపోయి ఉంది. మా బాపుకు ఈత రాదు.

"ఇడిసిపెట్టు బాపూ..."

"ఎల్తలేదు బిడ్డా, బిగుసుకున్నది. నువ్వు మాత్రం కిందికి రాకు."

రాళ్ల మీద బోర్లా పడి పాక్కుంటూ పోయాను. కత్తెర తీశాను. తడిసిన నైలాన్ తాడు, ఆకు కోసే కత్తెర... మొదటిసారి జారింది. రెండోసారి నాలుగు పోగులు తెగాయి. నిజం చెప్తున్నా, అప్పుడు కూడా నాకొక భయం... ఈ చేప కోసం వారమంతా మాటలు పడ్డాడు, ఇప్పుడు నేను కోసేస్తే మళ్లీ నాతో మాట్లాడడేమోనని. మూడోసారి రెండు చేతులతో నొక్కాను. తాడు టప్పున తెగింది.

బాపు పైకి పాక్కుంటూ వచ్చాడు. ఇద్దరం రాళ్ల మీద కూలబడ్డాం. ఆయన మణికట్టు చుట్టూ తోలు లేచి రక్తం కారుతోంది.

"బాపూ, శాప పోయింది" అన్నాను.

నన్ను తడి అంగీకి అదుముకున్నాడు. "పోనీ బిడ్డా. మనం ఉన్నం గద."

అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. ఏడుస్తుంటే అంత హాయిగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంటికొచ్చాక కత్తెర అమ్మ ముందు పెట్టాను. అంచుకు నొక్కు పడింది. అమ్మ కత్తెరను చూసింది, బాపు మణికట్టును చూసింది, గీరుకుపోయిన నా చేతులను చూసింది. ఇరగ్గొడతానన్న చేతులకే పసుపు అద్దింది.

మొన్న కట్ట మీదికి పోయాను. ఇప్పుడు అందరి చేతుల్లో రీలు కర్రలు, ఫోన్లు... తాడును వేలి మీద ఆనించి కూర్చున్నవాళ్లు ఒక్కరూ కనబడలేదు. ఎర ముద్ద వాసన కూడా లేదు.

బాపు నిజామాబాద్‌లో మా ఇంట్లోనే ఉంటాడు. మా పిల్లలకు ఎర్రదాని కథ చెప్తుంటాడు. "మీ అమ్మ కోసింది గని, లేకుంటేనా..." అంటూ. నా చిన్నప్పుడు అది మూరెడు చేప. నా పెళ్లినాటికి బారెడైంది. నిన్న చెప్పినప్పుడు మంచం మీద పట్టనంత అయింది. ఎంత పెద్దదో చూపించడానికి రెండు చేతులూ బార్లా చాపుతాడు... కుడి మణికట్టు మీద ఆ తెల్లటి గీత అప్పుడు కనబడుతుంది.

నేను ఎన్నడూ సరిదిద్దను. చాపడానికి ఆ చేతులున్నాయి... చేప ఎంతైనా పెరగనీ.

మీ ఇంట్లో కూడా ఇట్లా చేజారి, ఏటేటా పెరుగుతున్న చేప ఏదైనా ఉందా? చెప్పండి... నేనైతే కొలతలు అడగను.