అర స్వరం పైకి జరిగిన చెవి

యూన్‌రేకి ఐదో ఏట చెవి తయారైంది. "తయారైంది" అన్న మాట సల్ టీచరమ్మది. కొరియా యుద్ధంలో ఉత్తరం నుంచి నడిచి వచ్చిన కుటుంబం ఆవిడది. యంగ్‌చన్‌లో చర్చి వెనక రెండు గదుల ఇంట్లో పిల్లలకు పియానో నేర్పేది. పాఠం మొదట్లో పిల్లలు పియానోకి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చోవాలి. ఆవిడ ఒక మెట్టు నొక్కి "ఏది?" అంటుంది. దో, రే, మి, ఫా... అది ఏ స్వరమో చెప్పాలి. తప్పు చెబితే రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి, ఆవిడ దించమనేదాకా.

మొదటి శీతాకాలమంతా యూన్‌రే చేతులెత్తుకునే గడిపింది. ఎండాకాలం వచ్చేసరికి చేతులెత్తే పని తప్పింది. ఆ తర్వాత ఏ చప్పుడైనా ఆ పిల్లకి పేరుతోనే వినిపించేది. అన్నం కుక్కరు కూత, బస్సు హారను, గేటు కిర్రుమనడం, అన్నీ. వాళ్లమ్మ బజారుకి తీసుకెళ్తే కానాగంతలు అమ్మే ఆవిడ ఆటపట్టించేది.

"ఏమే బుల్లీ, నా అరుపు ఏ స్వరమే?"

"'రండి రండి' అన్నది మి. 'తాజా చేపలు' అన్నది దో. అది కొంచెం తక్కువైంది."

"అబ్బో! నా చేపలకి వంక పెట్టేవాళ్లనే చూశాను గానీ, నా గొంతుకి వంక పెట్టినదానివి నువ్వొక్కదానివే!"

దేగూలో సంగీత కళాశాల ప్రవేశ పరీక్షకి వెళ్తే, స్వరాలు విని రాసే పేపరు అందరికంటే ముందు ఇచ్చేసి బయటికొచ్చింది. వేళ్ల సంగతి వేరు. అక్కడి ప్రొఫెసరు మూడేళ్లు విని, ఒకరోజు దాచకుండా చెప్పేశాడు. "నీ వేళ్లు మంచివే యూన్‌రే. అలాంటి వేళ్లు మన కాలేజీలో ఇంకో పదిమందికి ఉన్నాయి. నీ చెవి మాత్రం ఎవరికీ లేదు."

డబ్బున్న పిల్లలు జర్మనీ వెళ్లారు. యూన్‌రే పాటగాళ్ల పక్కన కూర్చుని వాయించడం మొదలుపెట్టింది. పోస్టరు మీద పాడేవాళ్ల పేరు పెద్దది, వాయించేవాళ్ల పేరు అడుగున సన్నగా. దానికి ఆమె బాధపడలేదు. గాయకుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో వాడికంటే ముందు తనకే తెలుస్తుందని ఆమె ధైర్యం. ఆ ధైర్యంతోనే నక్‌దాంగ్ నది ఒడ్డునున్న ఒక పట్టణంలో, ఊరి గాయక బృందానికి పియానో వాద్యకారిణిగా పోటీలో కూర్చుంది. తెర వెనక నుంచి వాయించింది. ఉద్యోగం వచ్చింది. ఆపిల్ పండ్ల టోకు వ్యాపారం చేసే జిన్‌తేని పెళ్లి చేసుకుంది. అతనికి పాట అంటే ప్రాణం. శ్రుతి అంటే ఏమిటో మాత్రం తెలియదు.

బృందంలో ఆమెకి ఒక ప్రత్యేకత ఉండేది. వాద్యం లేకుండా గొంతులతోనే మొదలయ్యే పాటలకి మొదటి స్వరం ఎవరో ఒకరు అందించాలి. మిగతా ఊళ్లలో పియానో మీద ఒక మెట్టు తాకుతారు. ఇక్కడ ఆ పని లేదు. యూన్‌రే పెదవులు కదిలీ కదలకుండా సన్నగా "మ్" అంటుంది. ముందు వరసకి మాత్రమే అది వినబడుతుంది. సభలో వాళ్లకి పాట గాలిలోంచి పుట్టినట్టుంటుంది. బృంద నాయకుడు ఓమ్‌కి అదంటే మహా గర్వం. పక్క ఊళ్ల నాయకులొస్తే, "మా యూన్‌రే గారు ఉండగా మాకు పియానో ఎందుకండీ!" అనేవాడు. అలా ఇరవై ఏళ్లు దాటిపోయాయి.

యాభై నాలుగో ఏడు వచ్చింది. ఆ ఏడంతా ఆమె పియానోల మీద విసుక్కుంటూనే ఉంది. ఏ హాల్లో కూర్చున్నా శ్రుతి ఎక్కువగా ఉన్నట్టే అనిపించేది. పియానో సవరించే దాల్‌సు వచ్చినప్పుడల్లా, "మీరు తీగలు బిగించేస్తున్నారు దాల్‌సు గారూ, ఒకరోజు తెగుతాయి చూడండి," అనేది. అతను తలూపి, మళ్లీ ఓసారి చూస్తానని చెప్పి వెళ్లేవాడు.

శరదృతువు కచేరీ శనివారం మధ్యాహ్నం. హాలు నిండింది. రెండో భాగంలో మొదటి పాట గొంతులతో మొదలవుతుంది. రెండు పేజీల తర్వాత పియానో కలుస్తుంది. ఓమ్ ఆమెవైపు చూశాడు. ఆమె "మ్" అంది. నలభై గొంతులు మెత్తగా లేచాయి. ఎంతో బాగా పాడారు. తన వంతు రాగానే యూన్‌రే పది వేళ్లూ మెట్ల మీద దించింది.

రెండు లారీలు గుద్దుకున్నట్టయింది.

ఆ క్షణంలో ఆమెకి అర్థమైంది ఒక్కటే, పియానో పాడైపోయిందని. గొంతులు సరిగ్గానే ఉన్నాయి, పియానో అర స్వరం, అంటే ఒక మెట్టు, పైనుంది. ఎవరు చేశారీ పని? ఓమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ముందు వరసలో ఇద్దరు నోరు మూసేశారు. మూడో వరస ప్రేక్షకుడు ఒకాయన పళ్లు గిట్టకరుచుకుని కళ్లు మూసుకున్నాడు. యూన్‌రే వేళ్లు ఆమె చెప్పకుండానే ఆగిపోయి, వెంటనే మళ్లీ కదిలాయి. పేజీ మీద ఉన్నదంతా అర స్వరం కిందికి దించుకుని, చూస్తున్నది ఒకటి, నొక్కుతున్నది ఇంకొకటిగా చివరిదాకా వాయించేసింది. చప్పట్లు మామూలుగానే పడ్డాయి. కొత్త తరహా సంగీతం కాబోలనుకుని కొందరు ఎక్కువే కొట్టారు.

కచేరీ అవగానే పట్టు బట్టలు కూడా మార్చుకోకుండా వేదిక వెనక్కి వెళ్లి దాల్‌సుని పట్టుకుంది.

"మీకేమైనా పిచ్చా? అర స్వరం! కొంచెం అటూ ఇటూ అయితే సరే, అర స్వరమా! ఇరవై ఏళ్ల పేరు గంగలో కలిపారు!"

దాల్‌సు సంచీలోంచి ట్యూనింగ్ ఫోర్కు తీసి మోకాలికి తాకించి ఆమె చెవి దగ్గర పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడైనా అది 'లా' అనే పలుకుతుంది. అది చేసిందే అందుకు. యూన్‌రేకి 'లా' వినబడలేదు. దాని పైనున్న నల్ల మెట్టు వినబడింది.

"ఈ ఫోర్కు ఎక్కడ కొన్నారు మీరు?" అంది.

"ఇది మా నాన్నది మేడమ్."

"పాడైపోయింది."

"ఇవి పాడవవు మేడమ్."

ముందు వరసలో పాడే బోరామ్ అప్పటికే అక్కడ నిలబడి ఉంది. ముప్పై దాటిన పిల్ల. బృందంలో యూన్‌రే లాంటి చెవి ఉన్నది ఇంకొక్క ఆమెకే. చేతిలో ఫోనుంది. స్వరం ఏదో చూపించే యాప్ తెరిచి, ఫోర్కు పక్కన పెట్టింది. తెర మీద 'లా' అని ఉంది.

"అక్కా," అంది బోరామ్. "నువ్వు ఇచ్చిన శ్రుతి నాకు తక్కువగానే వినిపించింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"ఇచ్చింది నువ్వు కదక్కా. నా చెవే పాడైందనుకున్నా."

యూన్‌రే ఫోర్కు లాక్కుని తనే కొట్టింది. మళ్లీ కొట్టింది. దాల్‌సు వద్దనలేదు. ఎన్నిసార్లు కొట్టినా అదే నల్ల మెట్టు. ఆమె పక్కనున్న పెట్టె మీద కూలబడింది. యాభై ఏళ్లుగా తన పేరు మర్చిపోయినా మర్చిపోని సంగతి ఒకటుంది. ఇప్పుడు చెవి ఆ స్వరాల పేర్లే తప్పుగా చెబుతోంది.

దేగూలో డాక్టరు చెవులు రెండూ పరీక్షించి నవ్వాడు. "ఇరవై ఏళ్ల పిల్ల చెవులండీ మీవి!"

"మరి ఇదేంటి డాక్టరు గారూ?"

"వయసు. స్వరం వినగానే పేరు తెలిసిపోయేవాళ్లలో కొందరికి యాభైకి అటూ ఇటూగా ఇలా జరుగుతుంది. విన్నదంతా కాస్త పైకి జరిగినట్టుంటుంది. ఎందుకో కచ్చితంగా ఎవరికీ తెలీదు. మామూలువాళ్లకి జరిగినా తెలియదు."

"మందు?"

"లేదండీ."

ఇంటికొచ్చి, పదకొండో ఏట నేర్చుకున్న ఒక చిన్న పాట రికార్డు పెట్టుకుంది. కళ్లు మూసుకుని మొదటి వరస విని ఆపేసింది. తన ఇంటి తలుపు తీస్తే సామానంతా ఉన్నచోటే ఉండి, ఇల్లు మాత్రం పక్కవాళ్లదైనట్టుంది. జిన్‌తే ఆపిల్ చెక్కు తీస్తూ ఆమెవైపు చూశాడు.

"అర స్వరమే కదే జరిగింది? నేను పుట్టినప్పట్నుంచీ రెండు మూడు స్వరాలు పక్కనే పాడుతున్నాను. బతకట్లేదా?"

యూన్‌రే చేతిలో తువ్వాలు అతని మొహాన కొట్టింది. తర్వాత నవ్వొచ్చింది. నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో ఇద్దరికీ తెలియలేదు. జిన్‌తే కత్తి పక్కన పెట్టి, ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

మరుసటి వారం యంగ్‌చన్ వెళ్లింది. సల్ టీచరమ్మకి ఎనభై నాలుగేళ్లు. వృద్ధుల ఆశ్రమంలో కిటికీ పక్క మంచం. యూన్‌రే తెచ్చిన మెత్తటి పెర్సిమన్ పండుని చెంచాతో తింటూ, శిష్యురాలు చెప్పిందంతా విన్నది.

"ఎంత?" అంది చివరికి.

"అర స్వరం టీచర్."

"నాకు నలభై ఆరో ఏట వచ్చింది."

యూన్‌రే లెక్క చూసుకుంది. ఆ ఏడు తనకి పదహారు. పరీక్షకి తయారవుతున్న ఏడు.

"అంటే నన్ను తయారుచేసేటప్పుడు..."

"అప్పటికే పోయింది."

"మరి నేను చెప్పింది తప్పో ఒప్పో మీకెలా తెలిసేది?"

"నా వేళ్లు ఏ మెట్టు మీద ఉన్నాయో చూసుకునేదాన్ని. నువ్వు గోడవైపు తిరిగి ఉండేదానివి కదే, నీకేం తెలుస్తుంది? పాడి వినిపించడం మానేశాను. అదీ నువ్వు గమనించలేదు."

నిజమే. ఒక ఏడు నుంచి టీచరమ్మ పాడటం మానేసింది. గొంతు పాడైందని చెప్పింది, పిల్లలు నమ్మారు. తనకి తెలిసిన ప్రపంచానికి కొలబద్దలా నిలిచిన మనిషి, లోపల అంతా తప్పుగా వింటూ, అన్నేళ్లు ఎదురుగా కూర్చుంది.

"ఎందుకు చెప్పలేదు మాకు?"

"ఇది ఒకరోజు పోతుందని చెబితే మీ అమ్మ నిన్ను పంపేదా? పంపినా నువ్వు నేర్చుకునేదానివా?" ముసలావిడ పండు గిన్నె పక్కకి నెట్టింది. "నాకు ఇద్దరు పిల్లలు. చెప్పుంటే తిండి ఎక్కణ్నుంచి వచ్చేది?"

"నాకైనా చెప్పాల్సింది. నిన్న కాకపోతే మొన్న. ఫోను చేసి."

"చెప్పాల్సింది," అని ఒప్పుకుంది టీచరమ్మ. బస్సు వేళయ్యేదాకా యూన్‌రే ఆవిడ కాళ్లు ఒత్తింది. కోపం మాత్రం పోలేదు. బస్సులో కూర్చున్నాక ఇంకా పెరిగింది.

ఆ కోపంతోనే ఆమె అందరికీ చెప్పేసింది. ముందు ఓమ్‌కి.

"మన మధ్యే ఉండనివ్వండి," అన్నాడు ఓమ్. "పియానో మీద ఒక మెట్టు తాకి శ్రుతి ఇవ్వండి. ఎవరడిగినా కొత్త పద్ధతి అందాం. ఎండాకాలంలో బృందంలో అందరికీ ఉద్యోగ పరీక్షలున్నాయి, బయటి ఊరి పెద్దలొచ్చి మార్కులేస్తారు. వాళ్ల చెవిన పడితే మీకే నష్టం."

"వాళ్లకి నేనే చెబుతాను మాస్టారూ."

చెప్పింది. వాయించబోయే ముందు నిలబడి, నా చెవి జరిగింది, మీరు వినేది నేను వినడం లేదు, నా వేళ్లని బట్టి మార్కులేయండి అంది. పెద్దల్లో ఒకాయన పెన్ను మూత పెట్టుకోవడం మర్చిపోయి చూస్తూ ఉండిపోయాడు. మార్కులు ఎప్పటిలాగే పడ్డాయి. శ్రుతి ఇచ్చే పని బోరామ్‌కి వెళ్లింది.

ఇంటి దగ్గర తను కాలేజీ పరీక్షకి తయారుచేసే పిల్లల తల్లుల్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఒకావిడ భయంగా అడిగింది. "మరి టీచర్ గారూ, పక్కన కూర్చుంటే మా పిల్లకి అంటుకోదు కదా?" ఇంకొకావిడ, "మీరు ఊరుకుంటే మాకు తెలిసేదే కాదుగా, ఎందుకు చెప్పారండీ," అని నొచ్చుకుంది. వారం తిరిగేసరికి చాలామంది పిల్లలు వేరే చోట చేరారు. మిగిలినవాళ్లకి ఆమె తన వేళ్లు చూపించే నేర్పింది. ఎవర్నీ గోడవైపు తిప్పలేదు.

విన్నదానిలోంచి అర స్వరం తీసేసుకోవడం మెల్లగా అలవాటైంది. పొద్దున్న లేచి కుక్కరు కూత వింటే 'సి' అనిపిస్తుంది, కాదు, అర స్వరం కింద, అనుకుంటుంది. కొత్త మనిషితో కాపురంలా ఉందని బోరామ్‌తో అనేది.

రెండేళ్ల తర్వాత, క్రిస్మస్ పాటల సాధన జరుగుతోంది. యూన్‌రే మామూలుగా వాయిస్తూ, మామూలుగా అర స్వరం తీసేసుకుంటూ, ఒక చోట తడబడింది. తీసేసుకున్నా లెక్క కుదరడం లేదు. ఇంకొంచెం పైనుంది. ఆగలేదు. పాట చివరిదాకా వేళ్లని చూస్తూ నడిపించింది.

విరామంలో బోరామ్ నీళ్ల సీసా పట్టుకుని వచ్చింది. "ఏంటక్కా, మొహం అలా అయిపోయింది?"

"ఇంకో అర స్వరం పోయిందే."

బోరామ్ సీసా కింద పెట్టింది. "మళ్లీనా? ఎక్కడ ఆగుతుందక్కా ఇది?"

"ఎవరికి తెలుసు."

"మరిప్పుడేం చేస్తావు?"

యూన్‌రే చేతులు ఒళ్లో పెట్టుకుంది. అవతల మగ గొంతులు విడిగా సాధన చేస్తున్నాయి. ఏ స్వరంలో పాడుతున్నారో పోల్చుకోవాలని ప్రయత్నించింది. జీవితంలో మొదటిసారి ఏ పేరూ పైకి రాలేదు. భయమేసింది. ఆ భయంలోనే పాట కూడా వినిపించింది. వెనక వరస ముసలాయన ఎప్పటిలాగే కాస్త ఆలస్యంగా అందుకుంటున్నాడు.

"ఆయన్ని కొంచెం ముందు ఊపిరి తీసుకోమని చెప్పాలి," అంది లేస్తూ.